చిటికెన వేలికి తెలియని వేడి

ఇబ్రహీంపట్నంలో ఆర్టీసీ డిపో దాటి సాగర్ రోడ్డు మీద కొంచెం ముందుకు పోతే మందుల షాపు పైన ఒక గది ఉంది. ఇప్పుడందులో జిరాక్స్ సెంటర్ నడుస్తోంది. మూడేళ్ల కిందటి వరకు అది రేణుక పార్లర్. కనుబొమలకీ ఫేషియల్‌కీ మా ఊళ్లో డజను చోట్లున్నాయి. రేణుక దగ్గరికి మాత్రం ఎల్బీనగర్ నుంచి కూడా వచ్చేవాళ్లు. ఆమె జుట్టులో అలలు తీసేది. నలుపు తెలుపు సినిమాల కాలంలో నాయికలకు నుదుటి పక్క నుంచి చెవి మీదుగా భుజం దాకా వంపులు వంపులుగా దిగే జుట్టు ఉండేది చూడండి, అలాంటిది.

నేను ఆ వెనక వీధిలోనే ఉంటాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రేణుకకు జరిగినదాంట్లో నా వాటా చిన్నదే గానీ మంచిది కాదు. ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను.

రేణుకది రావిర్యాల. తండ్రి బుగ్గయ్య మేస్త్రీ. పదో తరగతి తప్పాక ఆమెను కుట్టుమిషన్ నేర్చుకొమ్మని ట్రైనింగుకి పంపితే, మిషన్ల గది పక్కనే బ్యుటీషియన్ క్లాసులు జరుగుతుండేవి. వారం తిరిగేలోపు గది మార్చేసింది. భర్త రమాకాంత్ ఇక్కడే ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతాడు. ఇంట్లో అత్త నాగులమ్మ, కూతురు భువన. సొంతంగా పార్లర్ పెట్టక ముందు రేణుక నాలుగేళ్లు మీర్‌పేట్‌లో ఒకరి దగ్గర పనిచేసింది. తాయారు ఆమెకు దొరికింది అక్కడే.

తాయారు తెనాలి వైపు మనిషి. వయసులో ఉండగా నాటక సమాజాల వెంట తిరుగుతూ, వేషాలు కట్టే ఆడవాళ్లకు తలలు దిద్దేది. భర్త రామారావు ఉద్యోగరీత్యా మీర్‌పేట్ చేరి, ఆయన పోయాక కూడా అక్కడే రెండు గదుల ఇంట్లో ఉండిపోయింది. ఒకరోజు జుట్టుకు రంగు వేయించుకోవడానికి వచ్చింది. పక్క కుర్చీలో రేణుక ఎవరికో కర్లింగ్ ఐరన్‌తో జుట్టు తిప్పుతోంది. తాయారు అద్దంలోంచి చాలాసేపు చూసి, "అమ్మాయ్, నువ్వు జుట్టు కాలుస్తున్నావే గానీ చుట్టడం లేదు" అంది.

రేణుకకు రోషం వచ్చింది. "గట్లయితే మీరే జేసి చూపియ్యిండ్రి" అంది.

తాయారు చేసి చూపించింది. తడి జుట్టును పాయలు తీసి, అవిసె గింజలు ఉడికించిన జిగురు రాసి, కొస నుంచి మాడు దాకా బిగువు సడలకుండా రోలర్‌కి చుట్టి, పిన్ను గుచ్చి ఆరనివ్వాలి. ఆరాక విప్పితే వచ్చేవి అలలు కావు, ఉంగరాలు. వాటిని బ్రష్షుతో దువ్వి చెడగొట్టాలి. అక్కడే చాలామంది భయపడి ఆగిపోతారు. భయపడకుండా దువ్వుతూ పోతే విడి విడి ఉంగరాలన్నీ కలిసిపోయి ఒకే వంపుగా పడతాయి. వంపు లోతుగా దిగిన చోట పొడుగాటి క్లిప్పు పెట్టి, ఆఖరున ముఖం పక్కన ఉన్న పాయలకు మాత్రం ఐరన్ పట్టించాలి. ఐరన్ కుడి చేతిలో ఉంటుంది. ఎడమ చేతి చివరి రెండు వేళ్లు ఐరన్‌కీ అవతలి మనిషి చర్మానికీ మధ్య అడ్డం ఉండాలి. జుట్టు పొరల్లోంచి వేడి ఆ వేళ్లకు తగలగానే వదిలేయాలి.

"గడియారం చూడకు. వేళ్లు చెబుతాయి" అనేది తాయారు.

రేణుక రెండేళ్లు ఆదివారాలన్నీ తాయారు ఇంట్లోనే గడిపింది. మొదట తాయారు తల మీద, తర్వాత ఇరుగుపొరుగు ఆడపిల్లల తలల మీద చెయ్యి తిప్పింది. ఇబ్రహీంపట్నంలో పార్లర్ తెరిచేసరికి ఆమెకు ముప్పై నిండలేదు.

ట్రైనింగులో తనతో పాటు నేర్చుకున్న అరుణ మొదటి రోజు నుంచీ పార్లర్‌లో తోడుంది. ఇద్దరిదీ ఒకే ఈడు. కనుబొమలూ ఫేషియళ్లూ అరుణవి, జుట్టు రేణుకది. మధ్యాహ్నం ఒకరి డబ్బాలో కూర ఇంకొకరు తినేవాళ్లు. ఈ లోపు పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే సరదా మా వైపుకీ వచ్చింది. ఫొటోగ్రాఫర్లు పాత కాలం వేషాల మీద పడ్డారు. పాత కారు పక్కన, చెరువు కట్ట మీద, గ్రామఫోను ముందు పెళ్లికూతురిని నిలబెట్టి నలుపు తెలుపులో తీసేవాళ్లు. ఆ ఫొటోకు జుట్టు కావాలి. ఆ జుట్టు రేణుక దగ్గరే దొరికేది. మాఘమాసం వస్తే తెల్లారేసరికల్లా మెట్ల మీద మనుషులుండేవాళ్లు.

అలాంటి ఒక మాఘమాసంలోనే, ఒక పెళ్లికూతురి తల పూర్తి కావస్తుండగా, అవతలి కుర్చీ దగ్గరున్న అరుణ ముక్కు ఎగబీల్చింది.

"రేణుకా, కమురు వాసనొస్తుందే."

"ఎంటికలు గావచ్చు" అంది రేణుక, చేతిలో పని ఆపకుండా.

అరుణ దగ్గరికి వచ్చి చూసింది. గబుక్కున రేణుక ఎడమ చెయ్యి పట్టి ఇవతలికి లాగింది.

"ఎంటికలు గాదు. నీ ఏలు."

చిటికెన వేలి పక్కన చర్మం తెల్లగా ఉడికి, ఊడి వస్తోంది. రేణుక దానివైపు ఎవరి వేలినో చూసినట్టు చూసింది. నొప్పి లేదు. "నాకు తెల్వనే లేదు" అంది. పనిలో పడి తెలియలేదేమో అనుకున్నారు ఇద్దరూ. వేలికి గుడ్డ చుట్టుకుని ఆ పెళ్లికూతురిని పంపించారు.

వెనక్కి తిరిగి చూసుకుంటే అదే మొదలు కాదని రేణుక నాతో తర్వాత చెప్పింది. అంతకు ముందు ఏడాది నుంచీ ఎడమ మోచేతి కింద అరచేతంత మేర చర్మం పాలిపోయి ఉంది. చెమటకు వచ్చే సిబ్బెం మచ్చ అనుకుని ఏదో లేపనం రాసింది. పిన్నులు వేళ్ల సందుల్లోంచి జారిపోయేవి. చాయ్ గ్లాసు రెండుసార్లు పడిపోయింది. రోజంతా నిలబడి చేసే పని కదా, నరాలు గుంజుతున్నాయనుకుంది. అరుణ దవాఖానకు పొమ్మంది. సీజన్ అయిపోనీ అంది రేణుక.

సీజన్ అయ్యేలోపే మహేశ్వరం నుంచి ఒక పిల్ల వచ్చింది. ముహూర్తం ఆ మధ్యాహ్నమే. రోలర్లు విప్పారు, దువ్వారు, అల చక్కగా పడింది. ఎడమ చెవి పైన ఒక్క పాయ మిగిలింది. రేణుక ఎప్పటిలాగే రెండు వేళ్లు అడ్డం పెట్టి ఐరన్ పట్టింది. వేడి తగలగానే వదలాలి. వేళ్లకు వేడి తగలలేదు. ఆమె ఎదురుచూసింది. వేళ్లు పక్కకు జరిగిపోయిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

పిల్ల కెవ్వుమంది.

చెవి పైన, కణత పక్కన, చింతగింజంత మేర కాలింది. అరుణ పరిగెత్తి చల్లటి నీళ్లు తెచ్చింది. పిల్ల తల్లి ఏడుపు మొదలుపెట్టింది. అన్న మెట్ల కింద నుంచి పైకి వచ్చి అద్దం ముందున్న సామానంతా చేత్తో ఊడ్చి కింద పడేశాడు. "పెండ్లి పిల్ల మొకం కాలుస్తవా? నీకు కండ్లు లెవ్వా?" అన్నాడు. రేణుక ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని మందు రాసింది. ఆ అలనే ఇంకాస్త ముందుకు జరిపి కాలిన చోటు కప్పింది. పెళ్లి ఆగలేదు. ఫొటోల్లో ఏమీ కనిపించదు కూడా. ఆ సాయంత్రం కింద పడిన రోలర్లు ఏరుకుంటూ, "రేపు దవాఖానకు పోత" అంది రేణుక.

సర్కారు దవాఖానలో లేడీ డాక్టరు చిన్నవయసు మనిషి. పాలిపోయిన మచ్చను చూసి, మోచేతి వెనక ఎముక పక్కన వేళ్లతో నొక్కి, అక్కడ నరం తాడులా లావెక్కి ఉందని పక్కనున్న వాళ్లకు చెప్పింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"కండ్లు మూసుకో. నేను ఎక్కడ ముట్టుకుంటే అక్కడ కుడిచేతి వేలు పెట్టి చూపించు."

రేణుక కళ్లు మూసుకుని కూర్చుంది. బయట ఎవరో చీటీల కోసం గొడవ పడుతున్నారు. ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది. ఎంతకీ ఏమీ జరగకపోయేసరికి, "ఎప్పుడు మొదలువెడ్తరు మేడం?" అని అడిగింది.

"అయిపోయింది. కండ్లు తెరువు" అంది డాక్టరు.

కుష్ఠు అని చెప్పడానికి ఆమె ఏమీ తడబడలేదు. మందు ఉందనీ, ఏడాది పాటు విడవకుండా మింగాలనీ, మొదటి మోతాదు పడ్డాక కొద్ది రోజులకే ఇంకొకరికి అంటే గుణం పోతుందనీ చెప్పింది. నూటికి తొంభై మందికి పైగా అసలు అంటనే అంటదంది. నరం వాపుకు వేరే మాత్రలిచ్చింది. వేళ్లకు స్పర్శ తిరిగి వస్తుందా అని రేణుక అడిగితే మాత్రం ఆ వేళ్లను ఇంకోసారి వంచి చూసింది.

"కొంత రావచ్చు. ఆలస్యం చేసినవ్ కదా. కచ్చితంగా చెప్పలేను. వేడి వస్తువులు మాత్రం ఆ చేత్తో పట్టుకోకు."

"నా పనే వేడిది మేడం" అంది రేణుక.

మొదటి మోతాదు అక్కడే మింగించారు. మూత్రం ఎర్రగా వస్తుంది, బెదరొద్దన్నారు. ఒళ్లు నల్లబడుతుంది, మందు ఆపాక మెల్లగా పోతుందన్నారు.

ఆ సాయంత్రం రమాకాంత్ బస్సు షెడ్లో పెట్టి వచ్చాక రేణుక చెప్పింది. అతను తిట్టలేదు, కొట్టలేదు. అన్నది ఒక్కటే.

"పోరగాళ్ల బస్సు నడుపుతున్న. కాలేజోళ్లకు తెలిస్తే నన్ను ఉంచుతరా?"

నాగులమ్మ లోపలికి పోయి, ఒక స్టీలు కంచం, ఒక గ్లాసు తెచ్చి కిటికీలో వేరుగా పెట్టింది. ఆమె చెడ్డ మనిషి కాదు. కోడలి పురుటికి నెల రోజులు నిద్రలేకుండా చాకిరీ చేసిన మనిషి. ఆమె చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో పెద్దరోగం వచ్చిన ఒక మనిషిని ఊరవతల గుడిసెలో పెట్టారట. బండరాయి మీద జొన్న గటక పెట్టి వచ్చేవాళ్లట. "ఒకనాడు పెట్టిన గటక పెట్టినట్టే ఉండె. ఎవలు పోయి చూడలే" అంది. రేణుక ఆ కంచంలోనే తిన్నది.

రెండో రోజు ఆశా కార్యకర్త మణెమ్మ ఇంటికి వచ్చింది. ఆమె ఆ గల్లీ ఆవిడే, రేణుకను కొత్త కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఎరుగును. ఇంట్లో వాళ్లకు ఒక్కసారి మింగే మాత్ర ఉంటుంది, జబ్బు రాకుండా. ఇంట్లో ముగ్గురికీ తలా ఒకటి మింగించింది. భువనను వెలుతురులో నిలబెట్టి వీపు, చేతులు, కాళ్లు చూసింది. ఏమీ లేవు. తర్వాత రేణుకను పక్కకు పిలిచింది.

"నీ పక్కన ఎక్కువ సేపు ఉండేటోళ్లకు గూడ ఇస్తే మంచిది. గని పేర్లు చెప్పుమని జబర్దస్తీ లేదు బిడ్డా. నీ ఇష్టం. పార్లర్ల తెలిస్తే ఊరంత తెలుస్తది. జర సోంచాయించు."

రేణుక ఆ రోజంతా ఆలోచించింది. అరుణతో ఎనిమిదేళ్లు ఒకే గదిలో ఉంది. ఒకే డబ్బాలో తిన్నారు. చెప్పకపోతే అరుణకు ఆ మాత్ర అందదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు, మణెమ్మ చెప్పాల్సిన పనిలేదు.

మర్నాడు పార్లర్ తలుపు దగ్గరికి వేసి అరుణను కూర్చోబెట్టి చెప్పింది. తనకు ఏ జబ్బో, ఎప్పటి నుంచో, డాక్టరు ఏమన్నదో వరుసగా చెప్పి, "నువ్వొక గోలీ మింగాలె. మణెమ్మ తెస్తది" అంది.

అరుణ ముఖం పాలిపోయింది. తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. "నాకు ఇద్దరు పిల్లలున్నరు రేణుకా" అంది.

"గందుకే చెప్పిన."

అరుణ ఏడ్చింది. రేణుక ఓదార్చడానికి చెయ్యి చాపి, సగంలో వెనక్కి తీసుకుంది. మణెమ్మ వచ్చి మాత్ర ఇస్తే అరుణ మింగింది. ఆ రోజూ మర్నాడూ పనికి వచ్చింది, మధ్యాహ్నం తన డబ్బా తీసుకుని మెట్ల మీద కూర్చుని తిన్నది. మూడోరోజు రాలేదు. ఆమె ఎవరికీ చెప్పకూడదనే అనుకుందట. భయం పట్టలేక తల్లికి చెప్పింది. తల్లి తన అక్కకు చెప్పింది. వారంలో ఇబ్రహీంపట్నం అంతా తెలిసిపోయింది. మహేశ్వరం పిల్ల కాలిన సంగతి కూడా దానికి అతికించి చెప్పుకున్నారు. ఆ పిల్లకూ అంటుకుందన్నారు కొందరు. కాలిన మచ్చ మీదుగా అంటుతుందని ఎవరికి ఎవరు చెప్పారో.

ఇప్పుడు నా వాటా చెప్పాలి. ఆ ఏడాది జనవరి ముప్పైన మా స్కూల్లో కుష్ఠు నిర్మూలన ప్రతిజ్ఞ చేయించారు. మైకు ముందు నిలబడి ఒక్కో వాక్యం చదివి పిల్లల చేత పలికించింది నేనే. వ్యాధిగ్రస్తుల పట్ల వివక్ష చూపము అని ఆరు వందల మంది పిల్లలు నా వెనక అన్నారు. ఏప్రిల్‌లో మా అక్క కూతురి నిశ్చితార్థానికి రేణుక దగ్గర రోజు ఖాయం చేసుకుని ఉన్నాను. సంగతి తెలిసిన సాయంత్రమే ఫోన్ చేసి, నిశ్చితార్థం వాయిదా పడిందని చెప్పాను. "మంచిది మేడం, మళ్ల చెప్పుండ్రి" అంది రేణుక. ఆమె నమ్మలేదని నాకు తెలుసు. నిశ్చితార్థం మా వీధి చివరి ఫంక్షన్ హాల్లోనే జరిగింది. మైకు మోత ఆమె ఇంటిదాకా వినిపించే ఉంటుంది. ఆ తర్వాత నాలుగు నెలలు నేను ఆ రోడ్డున రాకుండా చుట్టూ తిరిగి స్కూలుకు పోయాను.

ఎండాకాలం ముగిసేసరికి పార్లర్‌కు ఎవరూ రావడం లేదు. రేణుక రోజూ తలుపు తెరిచి, అద్దాలు తుడిచి, రోలర్లు కడిగి ఆరబెట్టి, కూర్చునేది. మందుకు ముఖం నల్లబడటం మొదలైంది. బుగ్గలు, నుదురు కమిలినట్టు తయారయ్యాయి. అద్దాల మధ్య కూర్చోవడమే కష్టమైందని చెప్పింది. నాలుగు వైపులా తన ముఖమే. ఇంటి యజమాని చెన్నయ్య మర్యాదగానే మాట్లాడాడు. "నాకేం లేదమ్మా. కింద మందుల షాపోడు గిరాకీ పోతుందంటున్నడు" అన్నాడు. ఆ వారమే ఖాళీ చేసింది.

ఇంట్లో రమాకాంత్ ఆమెతో మాట్లాడటం తగ్గించాడు. మందులు అయిపోతే గుర్తుపెట్టుకుని తీసుకురావడం మాత్రం మానలేదు. తెచ్చి బల్ల మీద పెట్టేవాడు, చేతికి ఇచ్చేవాడు కాదు. స్కూళ్లు తెరిచే ముందు నాగులమ్మ భువనను మహేశ్వరంలో తన కూతురింటికి పంపాలంది. పిల్లను దగ్గర ఉంచుకోవద్దని డాక్టరు అనలేదు కదా అని రేణుక అడిగింది.

"డాక్టర్లు చెప్తరు. రేపు ఆ పిల్లను ఎవలు జేసుకుంటరు? వాళ్లు చెప్తరా?" అంది నాగులమ్మ.

రమాకాంత్ గోడవైపు తిరిగి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. భువనకు అప్పుడు పన్నెండేళ్లు. పోయే రోజు పొద్దున రేణుక ఎప్పటిలాగే దువ్వెన తీసుకుని రమ్మంది. భువన నాయనమ్మ వైపు చూసింది. "అమ్మా, నేనే ఏసుకుంట" అంది. చేతకాక ఒక జడ పైకీ ఒక జడ కిందికీ వేసుకుంది. వంకరగా ఉన్న ఆ జడలతోనే ఆటో ఎక్కింది.

తాయారుకు అప్పటివరకు చెప్పలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఈ ఒక్క మనిషి కూడా వెనక్కి జరిగితే అనే భయమట. కానీ జబ్బు బయటపడేదాకా ఆదివారాలు పోతూనే ఉండేది కాబట్టి ఆమెకూ మాత్ర పడాలి. భువన పోయిన నాలుగోరోజున మీర్‌పేట్ బస్సెక్కింది.

తాయారు గడపలోనే ఆమె ముఖం చూసి, "ఏమిటే ఇలా అయిపోయావు" అంది.

రేణుక లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి అంతా చెప్పింది. తాయారు చెక్క కుర్చీలో కూర్చుని వింది. అయ్యాక అడిగింది.

"ఎన్నాళ్లయింది తెలిసి?"

"మూడు నెల్లు."

"మూడు నెలల నుంచీ నాకు చెప్పలేదన్నమాట. ఆ చెయ్యి ఇలా పట్రా."

రేణుక కదలలేదు. తాయారే లేచి వచ్చి, ఆ ఎడమ చెయ్యి పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. చిటికెన వేలు, ఉంగరం వేలు లోపలికి వంగడం మొదలైంది. ఆ రెంటినీ ఒక్కొక్కటిగా సాగదీసి చూసింది. మూడు నెలల్లో తనను ముట్టుకున్న మనిషి, డాక్టర్లను వదిలేస్తే, ఆమె ఒక్కతేనని రేణుక నాకు చెప్పింది. చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"ఐరన్ ఇక ముట్టుకోవద్దు నువ్వు" అంది తాయారు. "ఆ పెళ్లికూతురికి కన్ను పోయి ఉంటే ఏం చేసేదానివి?"

"అదే అనుకుంటున్న అమ్మా, రోజు."

"అనుకో. అనుకోవాల్సిందే." తాయారు లోపలికి పోయి తల తడుపుకుని వచ్చింది. తువ్వాలు భుజాల మీద వేసుకుని కుర్చీలో కూర్చుంది. పల్చబడిపోయిన తెల్ల జుట్టు. "రోలర్లు చుట్టు. ఆ రెండు వేళ్లు లేవనుకుని చుట్టు. మూడు వేళ్లతో ఎట్లా వస్తుందో చూద్దాం."

రాలేదు. పాయ బిగువు సడలిపోయింది. రోలర్లు ఊడి కింద పడ్డాయి. మధ్యాహ్నం దాకా చుట్టారు, విప్పారు. ఒకసారి తాయారు విసుక్కుంది కూడా, మెడ నొప్పి పుట్టి. ఆ రోజు ఒక్క వంపు కూడా సరిగ్గా పడలేదు. రేణుక బస్సులో ఏడ్చింది. ఆ వచ్చే ఆదివారం, తాయారుకు మణెమ్మ ఇచ్చిన మాత్ర పట్టుకుని మళ్లీ పోయింది.

ఏడాది మందు పూర్తయింది. జబ్బు పోయిందని డాక్టరు కాగితం మీద రాసిచ్చింది. రేణుక ఆ కాగితం ఇంట్లో చూపించింది. రమాకాంత్ రెండుసార్లు చదివి మడిచి బీరువాలో పెట్టాడు. కొన్నాళ్లకు నాగులమ్మ కిటికీలో కంచం తీసేసింది. ఎందుకు తీసిందో, ఎప్పుడు తీసిందో ఎవరూ మాట్లాడుకోలేదు. భువన మాత్రం రెండేళ్లు మహేశ్వరంలోనే చదివి, తొమ్మిదో తరగతికి తిరిగి వచ్చింది. ఇప్పుడు నా క్లాసులోనే ఉంది. జడ చక్కగా వేసుకుంటుంది, తనే. తల్లితో కావలసినంతే మాట్లాడుతుంది.

ఎడమ చేతి ఆ రెండు వేళ్లకు స్పర్శ రాలేదు. ఆపరేషన్ చేస్తే వంపు కొంత సరి అవుతుందన్నారు, స్పర్శ మాత్రం రాదన్నారు. వద్దనుకుంది. అరుణకు ప్రతి ఏడూ పరీక్ష చేస్తున్నారు, ఏమీ లేదు. ఇప్పుడు ఆమె బొంగుళూరు గేటు దగ్గర సొంతంగా పార్లర్ నడుపుతోంది. ఇద్దరికీ మాటల్లేవు. దారిలో ఎదురైతే అరుణే తల దించుకుంటుందట.

రేణుక ఇప్పుడు మీర్‌పేట్‌లో తాయారు ముందుగదిలో పనిచేస్తుంది. ఐరన్ లేదు. రోలర్లు, అవిసె జిగురు, ఆరబెట్టుకోవడానికి ఒక ఫ్యాను. ఒక తల అయ్యేసరికి మూడు గంటలు పడుతుంది. అంత ఓపిక ఉన్నవాళ్లు తక్కువ. అందులోనూ, కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ రేణుక తువ్వాలు కప్పక ముందే చెబుతుంది. ఎవరో చెబితే తెలుసుకోవడం కంటే తనే చెప్పడం నయం అంటుంది. ముగ్గురిలో ఇద్దరు ఏదో పని గుర్తొచ్చిందని లేచి వెళ్లిపోతారు.

పోయిన నెలలో నేను వెళ్లాను. పెళ్లీ లేదు, ఫొటో లేదు. నా జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి ఆమె ఆశ్చర్యపడలేదు, నిష్ఠూరమూ ఆడలేదు. "కూసోండ్రి మేడం" అంది. కూర్చున్నాక, నేను కొత్త మనిషినన్నట్టే మొదలుపెట్టింది.

"నాకు కుష్ఠు ఉండె. ఏడాది మందులు మింగిన, తక్కువైంది. ఎవలకు అంటదు. ఈ రెండు వేళ్లకు వేడి తెల్వది గని పనికి అడ్డం రాదు. మీకు ఇష్టమైతేనే చేస్త."

నాకు తెలుసు రేణుకా, అన్నాను.

"తెల్సని తెల్సు మేడం. అందరికి చెప్త, మీకు గూడ చెప్పాలె గద."

నిశ్చితార్థం సంగతి చెప్పాలని నోరు తెరిచాను. అబద్ధమాడానని, చుట్టూ తిరిగి స్కూలుకు పోయానని. ఆమె అప్పటికే నా జుట్టు తడుపుతోంది. "తల జర ముందుకు వంచుండ్రి" అంది. వంచాను. లోపలి గదిలో తాయారు దగ్గుతోంది. ఈ మధ్య ఆమె మంచం దిగడం లేదు.

అరుణకు చెప్పినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా అని, తల వంచుకునే అడిగాను.

"చెప్పకపోతే గోలీ ఎట్ల మింగుతది మేడం?" అంది. నా మెడ దగ్గర తువ్వాలు సర్దుతూ, "చెప్పకపోతే బాగుండు అని గూడ అనిపిస్తది. శాన సార్లు" అంది.

మూడు గంటలు పట్టింది. ఇంతవరకు నేను చెప్పినదాంట్లో చాలా భాగం ఆ మూడు గంటల్లో ఆమె నోట విన్నదే. రోలర్లు విప్పి దువ్వింది. కుడివైపు అల చక్కగా, లోతుగా పడింది. ఎడమవైపు ఒకచోట విరిగింది. మళ్లీ తడిపి చుడతానంది. వద్దు, బాగుందన్నాను. బాగాలేదు, నాకు కనిపిస్తోంది అంటూ ఆమె ఆ పాయ మళ్లీ తడిపింది. నేను ఇంకో గంట కూర్చున్నాను. ఆ రోజు నా తర్వాత ఎవరూ రాలేదు.